ఒక పూటా, మూడు రోజులా, నలభై రోజులా: మీకు తగిన ఉపవాసం ఏది?

ఉపవాసం ఉండాలని మనసులో పడ్డాక చాలామంది ఒక్కచోటే ఆగిపోతారు. ఎలాంటి ఉపవాసం? ఒక పూట మానేస్తే దాన్ని ఉపవాసం అనొచ్చా? మంచినీళ్లు తాగొచ్చా? దానియేలు ఉపవాసం అంటారే, అదేంటి? పక్కవాళ్లు మూడు రోజులు ఉంటుంటే నేను సాయంత్రానికే తినేస్తే దేవుడు తక్కువగా చూస్తాడా? ఇరవై ఏళ్ల వయసులో ఈ ప్రశ్నలు నన్ను బాగా తిప్పలు పెట్టాయి. అన్నిటికన్నా కష్టమైనదే అన్నిటికన్నా మంచిదై ఉంటుందని నాకు నేనే తేల్చుకుని, మూడు రోజులు ఉత్త నీళ్లతో ఉన్నాను.

రెండో రోజు సాయంత్రం ఇప్పటికీ గుర్తుంది. తల పగిలిపోతోంది. గదిలో తలుపు దగ్గరగా వేసుకుని బైబిలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కీర్తనల్లో ఒకే వచనం పదిసార్లు చదివాను, ఒక్క మాటా లోపలికి దిగలేదు. చెల్లి తలుపు కొంచెం తెరిచి, గ్లాసుతో నీళ్లు తెచ్చి, "అన్నయ్యా, కాస్త తాగు" అంది. "ప్రార్థనలో ఉన్నానని కనపడట్లేదా?" అని అరిచాను. తను గ్లాసు గడప పక్కన పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయింది. రాత్రిదాకా ఆ గ్లాసు అక్కడే ఉంది. మూడు రోజులూ పూర్తి చేశాను. కానీ ఆ మూడు రోజుల్లో దేవుడితో గడిపిన సమయం మొత్తం కలిపినా గంట ఉండదు. మిగతాదంతా గడియారం చూస్తూనే గడిచింది.

అందుకే ఏ ఉపవాసం గొప్పది అని ఇక్కడ తూకం వేయను. నేను చూసేది ఒక్కటే: తిండి మానేస్తే ఖాళీ అయిన చోటు దేనితో నిండుతోంది? ప్రార్థనతోనా, ఆకలితో ఉన్న మనిషి మీద జాలితోనా, లేక చిరాకుతోనా?

ఎంచుకునే ముందు

మొదటిది, ఎందుకు ఉంటున్నాం. బైబిల్లో ఉపవాసాలన్నీ ఒక రకం కావు. యోవేలు ప్రవక్త పిలిచింది పశ్చాత్తాపానికి. నెహెమ్యా ఉపవాసం దుఃఖం నుంచి వచ్చింది, యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విని ఆయన కూర్చుని ఏడ్చాడు. ఎజ్రా అహవా నది దగ్గర ఉపవాసం ప్రకటించింది ముందున్న ప్రమాదకరమైన ప్రయాణం కోసం. అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును పంపేముందు ఉపవాసం ఉండి ప్రార్థించింది. కారణం తేలితే ఎన్ని రోజులో, ఒంటరిగానో కలిసో చాలావరకు తేలిపోతుంది. కారణం తేలకుండా రోజుల లెక్క మొదలుపెడితే నాకు జరిగిందే జరుగుతుంది.

ఇక్కడే ఒక మాట. దావీదు జబ్బుపడిన బిడ్డ కోసం ఉపవాసం ఉండి నేలమీద పడుకున్నాడు. ఏడో రోజున బిడ్డ చనిపోయాడు. దావీదు లేచి, స్నానం చేసి, దేవుని మందిరానికి వెళ్లి ఆరాధించి, తర్వాత భోజనం చేశాడు. ఆ ఉపవాసం వ్యర్థమని వాక్యం ఎక్కడా అనలేదు. అనుకున్నది జరిగి తీరాలని దేవుణ్ని ఒప్పించడానికి ఉపవాసం ఉండాలనుకునేవాళ్లు ముందు రెండో సమూయేలు 12వ అధ్యాయం నెమ్మదిగా చదవాలి.

రెండోది, ఒళ్లు. షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఎదిగే పిల్లలు, ఎప్పుడైనా తిండి విషయంలో మానసికంగా నలిగినవాళ్లు పూర్తి ఉపవాసం జోలికి సొంతంగా వెళ్లకూడదు. మందులు వాడే ఎవరైనా డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. దీన్ని విశ్వాసం తక్కువై అడగడం అనుకోవద్దు.

మూడోది సమయం. భోజనం మానేసి ఆ గంట కూడా పనిలోనే గడిపితే మిగిలేది ఖాళీ కడుపు ఒక్కటే. నాలుగోది ఇంట్లోవాళ్లు. మీ ఉపవాసం వల్ల వంటచేసే మనిషికి పని పెరుగుతోందా, పిల్లలు మీ దగ్గరికి రావడానికి జంకుతున్నారా అన్నది చూసుకోవాలి. ఐదోది గుట్టు. తలకు నూనె రాసుకోండి, ముఖం కడుక్కోండి అని మత్తయి 6లో ప్రభువు చెప్పింది ఇందుకే. అలాగని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా వాళ్లను కంగారు పెట్టమని కాదు. పదిమంది చూడాలని ఉండొద్దు, అంతే.

| పద్ధతి | ఏం మానేస్తారు | ఎవరికి బాగా నప్పుతుంది | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|
| ఒక పూట, లేదా మధ్యాహ్నం దాకా | ఒకటి రెండు భోజనాలు | కొత్తవాళ్లు, ఉద్యోగస్తులు | ఖాళీ గంట పనిలో కలిసిపోతుంది |
| ఒక రోజు (రాత్రి నుంచి రాత్రి) | ఆహారం మొత్తం, నీళ్లు తాగుతారు | నిర్ణయం ముందున్నవాళ్లు | తలనొప్పి, చిరాకు |
| సంఘం పాటించే కాలం | మాంసం వంటివి, లేదా భోజనాల సంఖ్య | అందరితో కలిసి నడవాలనుకునేవాళ్లు | నియమం మిగిలి ప్రార్థన పోతుంది |
| దానియేలు పద్ధతి | మాంసం, ద్రాక్షారసం, రుచికరమైనవి | పూర్తిగా మానలేనివాళ్లు | బరువు తగ్గే డైట్‌గా మారుతుంది |
| మూడు రోజులు | ఆహారం మొత్తం | అనుభవం, ఆరోగ్యం, తోడు ఉన్నవాళ్లు | ఒంటికి ప్రమాదం, గర్వం |
| నలభై రోజులు | ఆహారం మొత్తం | దాదాపు ఎవరికీ కాదు | ప్రాణం మీదికి వస్తుంది |
| తిండి కానివి | ఫోన్, వినోదం | జబ్బు ఉన్నవాళ్లు, పిల్లలు | తేలిగ్గా తీసుకుంటారు |

ఒక పూట ఉపవాసం

దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, సంఘంలో అన్నిటికన్నా పాతది దాదాపు ఇదే. తొలి సంఘ కాలపు బోధల సంపుటి డిడాకే బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉండమని చెబుతుంది. ఆ రోజుల ఉపవాసం సాధారణంగా తొమ్మిదో గంటకు, అంటే మన లెక్కలో మధ్యాహ్నం మూడింటికి ముగిసేదని తొలి సంఘ కాలపు రచయిత తెర్తుల్లియన్ రాతల వల్ల తెలుస్తుంది. 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కూడా ఈ రెండు రోజుల అలవాటునే పట్టుకున్నాడు. ప్రభువు అప్పగింపబడిన రోజని బుధవారానికి, సిలువ వేయబడిన రోజని శుక్రవారానికి అర్థం చెప్పుకునేవారు.

ఇప్పుడు నేను చేసేదీ ఇదే కాబట్టి కాస్త దగ్గరగా చెబుతాను. శుక్రవారం ఆఫీసులో అందరూ భోజనానికి లేచినప్పుడు నేను పై అంతస్తు మెట్ల దగ్గరికి వెళ్తాను. అక్కడ ఎవరూ రారు. చేతిలో చిన్న కాగితం, దాని మీద ఏడెనిమిది పేర్లు. మొదటి ఐదు నిమిషాలు కడుపులో కరకరమంటుంది, మనసు కింద క్యాంటీన్ చుట్టే తిరుగుతుంది. అప్పుడు ఒక్క కీర్తన పైకి చదువుతాను, తొందర లేకుండా. తర్వాత పేర్లు. ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, ఆ మనిషికి ఈ వారం ఏం కష్టం ఉందో గుర్తుచేసుకుని అడుగుతాను. నలభై నిమిషాలు. ఆ పూట ఆకలి మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఆ పేర్లు గుర్తొస్తాయి. మధ్యాహ్నం మూడున్నర మీటింగ్‌లో కడుపు మండినప్పుడు, ఆస్పత్రిలో ఉన్న స్నేహితుడి పేరు దానంతట అదే నోట్లోకి వచ్చిన రోజులున్నాయి. మూడు రోజుల ఉపవాసంలో నాకు దొరకనిది ఇదే.

దీనిలో లోటు ఉంది. పెద్ద దుఃఖంలో, పెద్ద మలుపు దగ్గర ఇది సరిపోదనిపిస్తుంది. పని ఒత్తిడిలో భోజనం మానేయడం ఎలాగూ అలవాటున్నవాళ్లకు ఇది ఉపవాసంలా అనిపించదు. వాళ్లు భోజనం మానేయడం కన్నా ఆ గంట పని మానేయడం ముఖ్యం.

పూర్తి ఒక రోజు

రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టి మర్నాడు రాత్రి భోజనంతో ముగించడం తేలికైన పద్ధతి. పోయేది రెండు భోజనాలే, నిద్ర కూడా చెడదు. నీళ్లు మామూలుగా తాగాలి. ఉద్యోగం మారడం, పెళ్లి సంబంధం, పరిచర్యకు పిలుపు వంటి విషయాల్లో దేవుని ఎదుట కూర్చోవాలనుకుంటే ఇది చక్కగా ఉంటుంది. సెలవు రోజు చూసుకోండి.

రోజూ కాఫీ టీలు తాగేవాళ్లకు ఒక హెచ్చరిక. అవి ఆపిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై ఒకటి రెండు రోజుల్లో బాగా పెరుగుతుంది. నా రెండో రోజు సాయంత్రపు తలనొప్పిలో ఆకలి వాటా కన్నా కాఫీ వాటాయే ఎక్కువని తర్వాత అర్థమైంది. దాన్ని నేను శత్రువు పోరాటం అనుకున్నాను. వారం ముందు నుంచి రోజుకు కొంచెం తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ ఉండదు.

సంఘంతో కలిసి పాటించే కాలం

ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలం లెంట్. దీన్ని కొన్ని సంఘాల్లో శ్రమల దినాలంటారు, కథోలికులు తపస్సు కాలం అంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా 46 రోజులు, ఆదివారాలు తీసేస్తే 40. కథోలిక సంఘం నియమం చాలామంది అనుకునేంత కఠినంగా ఉండదు. కచ్చితమైన ఉపవాస దినాలు రెండే, భస్మ బుధవారం, శుభ శుక్రవారం. ఆ రోజు ఒక పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా కొంచెం ఆహారం. ఇది 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 59 నిండేవరకే వర్తిస్తుంది. మాంసం మానడం 14 ఏళ్లు నిండినప్పటి నుంచి. శుక్రవారాల విషయంలో దేశాన్ని బట్టి మార్పులుంటాయి, మీ విచారణ గురువును, అంటే మీ చర్చి ఫాదర్‌ను అడగండి. ఆర్థడాక్స్ సంఘాల్లో నియమం బరువు ఎక్కువ: మాంసం, గుడ్లు, పాలు, చాలా రోజుల్లో చేపలు, నూనె కూడా ఉండవు. ఇతియోపియా ఆర్థడాక్స్ సంఘంలో ఉపవాస దినాలు ఏడాదికి 180 దాటతాయి.

ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావాటికి ఇలాంటి కట్టుబాటు లేదు. దానికీ చరిత్ర ఉంది. 1522లో జ్యూరిక్‌లో ఒక ముద్రాపకుడి ఇంట్లో కొందరు లెంట్ కాలంలో మాంసం తిన్నారు. పాస్టర్ జ్వింగ్లి తాను తినకపోయినా వాళ్ల పక్షాన నిలబడి, ఆహారం విషయంలో విశ్వాసికి స్వేచ్ఛ ఉందని ప్రసంగించాడు. నిజమే, స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ పేరుతో ఉపవాసమే మరిచిపోయిన సంఘాలు ఉన్నాయన్నదీ నిజం.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, ఏం మానాలో నేను నిర్ణయించుకోనక్కర్లేదు. అందరూ ఉంటున్నారు కాబట్టి నేను ఉన్నానని చెప్పుకోవడానికేమీ లేదు, గర్వానికి చోటు తగ్గుతుంది. ఇబ్బందల్లా, నియమం పాటించగానే పని అయిపోయిందనిపించడం. మాంసం ముట్టకుండా సాటి సహోదరుణ్ని కొరికి తినేవాళ్లను 4వ శతాబ్దంలోనే బిషప్ బాసిల్ గట్టిగా మందలించాడు.

ఒకవేళ మీరు ఒక సంఘం నుంచి మరో సంఘంలోకి వెళ్లి, లేదా పెళ్లితో రెండు సంప్రదాయాల మధ్య పడి తికమకపడుతుంటే, తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీన్ తల్లి మోనికాకూ ఇదే సందేహం వచ్చిందని గుర్తుంచుకోండి. ఆమె మిలాన్‌కు వచ్చినప్పుడు అక్కడివాళ్లు శనివారం ఉపవాసం ఉండడం లేదు. ఏం చెయ్యాలో తోచలేదు. అగస్టీన్ వెళ్లి బిషప్ అంబ్రోస్‌ను అడిగాడు. నేను రోములో ఉంటే శనివారం ఉపవాసం ఉంటాను, ఇక్కడ ఉంటే ఉండను, మీరు ఏ సంఘంలో ఉంటే ఆ సంఘం పద్ధతి పాటించండి అన్నాడాయన. ఇంతకన్నా మంచి సలహా నాకు దొరకలేదు.

దానియేలు పద్ధతి

దీని గురించి మాట్లాడేటప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తుంటారు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో దానియేలు పది రోజులు తీసుకున్నది శాకధాన్యాలు, నీళ్లు. అక్కడి విషయం రాజు భోజనంతో అపవిత్రపడకూడదనే తీర్మానం, దాన్ని వాక్యం ఉపవాసం అని పిలవలేదు. పదో అధ్యాయంలో మూడు వారాలు దుఃఖపడుతూ రుచికరమైన ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానాడు, నూనె రాసుకోలేదు. 21 రోజుల లెక్క వచ్చింది ఇక్కడి నుంచి.

ఒళ్లు నిలబడుతుంది, పనికి వెళ్లొచ్చు, మూడు వారాలు ఒకే భారంతో ప్రార్థించవచ్చు. పూర్తిగా మానలేనివాళ్లకు ఇది నిజంగా మేలు. కానీ ఏది తినొచ్చు, ఏది కూడదు అని జాబితాలు వెతకడంలోనే సగం రోజులు పోతాయి. రోజంతా తిండి గురించే ఆలోచిస్తున్నామని గమనించినప్పుడు జాబితా పక్కన పెట్టి, ఉన్నవాటిలో సాదాగా తినేస్తే చాలు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే మందు పని తగ్గుతుంది, డాక్టరుకు చెప్పాలి.

మూడు రోజులు, నలభై రోజులు

ఎస్తేరు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉంది. అప్పుడు ఒక జాతి మొత్తం చావు అంచున ఉంది, షూషనులోని యూదులందరూ ఆమెతో కలిసి ఉన్నారు. అది ఆమె నెలనెలా చేసే అలవాటు కాదు. నీళ్లు మానడం ఎవరికీ నేను చెప్పను. నీళ్లతో మూడు రోజులంటే, ముందు ఒక రోజు ఉపవాసాలు చాలాసార్లు చేసి ఉండాలి, ఆరోగ్యం బాగుండాలి, ఇంట్లో కనిపెట్టుకునే మనిషి ఉండాలి, పని నుంచి సెలవు ఉండాలి. ఇవన్నీ ఉండి, కారణం కూడా అంత బరువైనదైతే, సంఘంలో నలుగురితో కలిసి ఉపవాస ప్రార్థనగా చేసుకోవడం మంచిది. ఒంటరిగా చేస్తే ఏమవుతుందో నా గడప దగ్గరి గ్లాసు చెప్పింది.

నలభై రోజుల గురించి సూటిగా చెబుతాను: నీళ్లతో మాత్రమే నలభై రోజులు వద్దు. మోషే, ఏలీయా, ప్రభువు ఉన్న ఉపవాసాలు దేవుడు వాళ్లను తీసుకెళ్లిన ప్రత్యేక ఘట్టాలు, అలా ఉండమని ఏ విశ్వాసికీ ఆజ్ఞ లేదు. చాలా రోజులు తినకుండా ఉండి ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. దీంతో ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. నలభై రోజులు అర్పించాలని ఉంటే రోజుకు ఒక పూట, లేదా లెంట్ పద్ధతి ఉన్నాయి.

తిండి కాకుండా

ఫోన్ మానడం ఉపవాసమేనా అంటే, మాట పరంగా కాదనే అంటాను. ఉపవాసంలో ఒళ్లు పాల్గొంటుంది, ఆకలి మనకు మన బలహీనతను చూపిస్తుంది, ఫోన్ ఆపితే అది జరగదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆకలి తప్పించుకోవడానికి దీన్ని ఎంచుకోకపోతే మంచిది. కానీ ఇన్సులిన్ తీసుకునే పెద్దాయనకు, బాలింతకు, తిండి విషయంలో గాయపడిన అమ్మాయికి ఇది రెండో రకం అర్పణ కాదు. రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ కట్టేసి ఆ రెండు గంటలు ప్రార్థనకు ఇస్తే, ఆకలితో కూర్చుని ఫోన్ చూసేవాళ్ల కన్నా వాళ్లు ముందున్నట్టే.

మీరు ఎవరు?

మొదటిసారి ఉండబోతున్నారా, వారానికి ఒక పూటతో మొదలుపెట్టి రెండు మూడు నెలలు అదే కొనసాగించండి. చిన్నపిల్లల తల్లయితే, పిల్లలు నిద్రపోయే వేళకు దగ్గరగా ఉన్న పూటను ఎంచుకోండి, ఆ పూట వంటపని మరొకరు చూసుకునేలా ముందే మాట్లాడుకోండి. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆకలి ఎలాగూ చచ్చిపోతుంది, దానికి ఉపవాసం అని పేరు పెట్టి ఇంకా తినకుండా ఉండొద్దు, ఎవరైనా తోడుంటే వాళ్లతో కలిసి తినండి. భార్యాభర్తల్లో ఒకరే ఉపవాసం ఉంటే రెండోవారి సమ్మతి తీసుకోండి. మరో విషయంలో అయినా, మొదటి కొరింథీ 7లో పౌలు చెప్పిన పద్ధతి అదే.

ఏళ్ల తరబడి ఉపవాసం ఉంటూ ఇప్పుడేమీ అనిపించనివాళ్లకు నేను రోజులు పెంచమని చెప్పను. యెషయా 58 తీసి చదవండి. దేవుడు కోరే ఉపవాసం ఆకలిగొన్నవాడికి తన ఆహారం పెట్టడమని అక్కడ ఉంది. రెండో శతాబ్దపు క్రైస్తవ గ్రంథం 'హెర్మా కాపరి' దీన్ని లెక్కగా మారుస్తుంది: ఉపవాసం రోజు తినకుండా మిగిలిన ఆహారం విలువ ఎంతో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని విధవరాలికో అనాథకో లేనివాళ్లకో ఇవ్వాలి. నేను శుక్రవారం భోజనం డబ్బులు విడిగా ఒక డబ్బాలో వేస్తాను. నెలకు ఎంతో కాదు. కానీ డబ్బాలో వేసిన రోజు ఉపవాసం, వేయని రోజు ఉపవాసం ఒకేలా ఉండవు.

మధ్యలో ఆపాల్సి వస్తే

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఏదైనా తినండి, అవసరమైతే ఆస్పత్రికి వెళ్లండి. మొక్కు తీరలేదని బాధపడొద్దు. ఎవరైనా ఇంటికొస్తే? ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు అతిథి రాగానే ఉపవాసం విరమించేవారని, వాళ్ల దగ్గరికి వెళ్లి చూసిన తొలి శతాబ్దాల సన్యాసి జాన్ కాసియన్ రాశాడు. ఉపవాసం ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది, మిమ్మల్ని మాత్రం పంపించాల్సి ఉంది, పైగా ప్రేమ ఆజ్ఞ, ఉపవాసం ఇష్టపూర్వకం అని ఒక పెద్దాయన ఆయనకు చెప్పాడట.

ముగించేటప్పుడు కొంచెంగా, తేలికైనవాటితో మొదలుపెట్టండి, ఒక రోజు దాటితే మరీ నెమ్మదిగా. కుదిరితే ఒక్కరే తినకండి. నా శుక్రవారం ఉపవాసం సాయంత్రం ఇంట్లోనే ముగుస్తుంది. పక్క వీధిలోనే ఉండే చెల్లి ఆ వేళకు వస్తే, గ్లాసుతో నీళ్లు తనే తెచ్చి ఇస్తుంది, తీసుకుంటాను.